పాత బంతికి పాత వేగం

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సీ నేర్చుకున్నవాళ్లకు టర్బో సీ నీలం తెర గుర్తుండే ఉంటుంది. 1990ల నాటి సరుకు. ల్యాబుల్లోకి కొత్త కంప్యూటర్లు వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. కాకపోతే ముందు ఒక నల్ల కిటికీ తెరిచి, 'మౌంట్ సీ' అని కొట్టి, టీసీ ఫోల్డర్‌లోకి వెళ్లాలి. ఎందుకో తెలియకుండానే కొట్టేవాళ్లం. ఆ కిటికీ డాస్‌బాక్స్.

టర్బో సీ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్. అది 1981లో ఐబీఎం పీసీతో జనంలోకి వచ్చింది. టిమ్ ప్యాటర్సన్ రాసినదాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. అది ఇంటెల్ 8086 వంశపు చిప్‌ల కోసం పుట్టింది. ఇప్పటి పీసీ ప్రాసెసర్ కూడా కరెంటు అందగానే ఆ పాత పద్ధతిలోనే నిద్రలేస్తుంది. 64 బిట్ విండోస్ కోసం లాంగ్ మోడ్‌లోకి మారాక మాత్రం, 8086లా నటించే వెసులుబాటు దానికి ఉండదు. అందుకే డాస్‌బాక్స్ చిప్పునీ, సౌండ్ కార్డునీ, గడియారాన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే కట్టేస్తుంది. 2002లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు మొదలుపెట్టిన పని ఇది.

అన్నిటిలోకీ కష్టం గడియారమే. టర్బో పాస్కల్‌లో సీఆర్‌టీ యూనిట్ వాడిన ప్రోగ్రాములు మొదలవుతూనే ఒక లెక్క వేసుకునేవి. దాదాపు 55 మిల్లీసెకన్లలో ఖాళీ లూపు ఎన్నిసార్లు తిరిగిందో చూసి, 55తో భాగించేవి. జవాబు 65,535 దాటకూడదు. 200 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోకి చిప్‌లు చేరేసరికి లూపు జోరు పెరిగి, జవాబు ఆ హద్దులో పట్టలేదు. 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అంటూ ప్రోగ్రాము ఆదిలోనే ఆగిపోయేది. ఆ ఎర్రర్‌కు అర్థం సున్నాతో భాగహారం. నిజానికి అక్కడ సున్నా లేనే లేదు, ఉన్నదల్లా వేగం. ఎంత మంచి ప్రోగ్రాములు ఇలా మూలపడ్డాయో తలుచుకుంటే బాధేస్తుంది.

పాత కోడ్‌ను దాచిపెడితే సరిపోదని నేననేది ఇందుకే. మైక్రోసాఫ్ట్ 2014లో తొలి డాస్‌ల సోర్స్ కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టింది, సంతోషం. కానీ నడవాలంటే దాని కాలం కూడా కావాలి. డాస్‌బాక్స్‌లో ఆ కాలానికి 'సైకిల్స్' అని పేరు: మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు నడపాలన్న లెక్క.

ల్యాబ్‌లో రాసుకున్న నా ఎగిరే బంతి ప్రోగ్రామును మొన్న డాస్‌బాక్స్‌లో తెరిచాను. ఆలస్యం కోసం ఖాళీ ఫర్ లూపు పెట్టాను అందులో. బంతి కంటికి ఆనలేదు, తెరంతా గీతలే. సైకిల్స్ తగ్గించడానికి కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కుతూ పోయాను. గీతలు విడివడి చుక్కలయ్యాయి. ఇంకో నాలుగుసార్లు నొక్కాక, బంతి నేలకు తగిలి మెల్లగా పైకి లేచింది.