సాయంత్రానికి వాలిపోయే రెప్పలు

పొద్దున్న లేచేసరికి ఒళ్ళు తేలిగ్గానే ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ కనురెప్పలు వాలిపోతాయి. ఒక్క మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. అన్నం నమిలేసరికి దవడ అలసిపోతుంది, మాట ముక్కుతో వస్తుంది. కాసేపు పడుకుంటే మళ్ళీ ఓపిక వస్తుంది. ఇంట్లోవాళ్ళు బద్ధకమంటారు, ఇరుగుపొరుగు దిష్టి అంటారు. ద్రాక్షారామం చుట్టుపక్కల కుటుంబాలకు మేము చెప్పేదొకటే: ఇది మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు కావచ్చు. నటుడు అమితాబ్ బచ్చన్‌కు 1984లో బయటపడింది ఈ జబ్బే.

కాలువలో నీరున్నా చేను తడవదు

మన డెల్టా రైతులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ నిండా నీరున్నా తూము పూడుకుపోతే చేను తడవదు. నరం చివరి నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నీరు, కండరం చేను. ఆ రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు తూములు. ఈ జబ్బులో మన రక్తంలోని యాంటీబాడీలే ఆ తూములను మూసేసి, పాడుచేస్తాయి.

కాపలాదారులు దారి తప్పితే

యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాల నుంచి పుట్టిన కణాలు. వాటిని ఉసిగొల్పేవి సహాయక టి కణాలు. "ఇక చాలు, ఆగండి" అని వారించేవి నియంత్రక టి కణాలు. ఆరోగ్యవంతుల్లో ఈ రెండూ త్రాసులా సమంగా ఉంటాయి. చాలామంది రోగుల్లో వారించే కణాల శక్తి తగ్గిందనీ, మంటను పెంచే టి కణాల జోరు ఎక్కువైందనీ పరిశోధకులు గమనించారు. టి కణాలకు బడి వంటిది రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి. కొందరు రోగుల్లో ఆ గ్రంథి ఉబ్బుతుంది, కొందరిలో కణితి వస్తుంది. అందుకే ఛాతీ స్కాన్ తీయిస్తారు.

సినీనటి సమంత 2022లో వెల్లడించిన మయోసైటిస్ కూడా ఇదేనా అని కొందరు అడుగుతుంటారు. కాదు. అందులో దాడి నేరుగా కండరం మీదే జరుగుతుంది.

వైద్యం ఉంది

1934లో లండన్‌లో డాక్టర్ మేరీ వాకర్ ఒక రోగికి ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఈ జబ్బుకు దారి చూపారు. నేడు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ కోవలోనిదే. అది బలాన్ని ఇస్తుంది గానీ కణాల తూకాన్ని సరిచేయదు. ఆ పని స్టిరాయిడ్, అజాథయోప్రిన్ వంటి మందులది. థైమస్ తీసివేసే ఆపరేషన్ తగిన రోగులకు మేలు చేస్తుందని 2016లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది.

దయచేసి గుర్తుంచుకోండి

- కాస్త నయమనిపించగానే మాత్రలు మానకండి. స్టిరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రమాదం.
- జ్వరానికో దగ్గుకో ఊళ్ళో మందు తీసుకునే ముందు మీ జబ్బు పేరు చెప్పండి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్ ఈ బలహీనతను పెంచగలవు. జబ్బు పేరు చీటీ మీద రాసి జేబులో ఉంచుకోండి.
- మింగలేకపోయినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరండి.

ఇంటివారికి ఒక్క మాట. సాయంత్రం పని చేయలేని మనిషిని తిట్టకండి. బరువు పనులు పొద్దున్నే కానిచ్చి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చనివ్వండి. మాత్రతో పాటు ఆ ఆదరణా వైద్యమే.