కొండెమా, కర్తవ్యమా? గంజాము మండలమున నేరవార్తలు – ప్రజాభిప్రాయము

పొరుగువాని తప్పును అధికారికి తెలుపువానిని తెలుగు సమాజము ఎన్నడును మంచిమాటతో పిలువలేదు. కొండెగాడు, చాడీకోరు, ఇంటిగుట్టు రచ్చకెక్కించువాడు – ఇవియే వానికి దక్కిన బిరుదులు. నేరవార్తలు తెలుపు భారమును ప్రజలందరికిని పంచవలెనను నేటి ప్రయత్నములు మొట్టమొదట ఎదుర్కొనవలసినది ఈ బిరుదులనే. గంజాము జిల్లాలో బాల్యవివాహముల విషయమున జరిగిన ప్రయత్నము ఇందులకు చక్కని నిదర్శనము.

గంజాము 1936 ఏప్రిలు 1వ తేదీ వరకు చెన్నరాజధానిలోనిది. ఆనాటి గ్రామములలో నేరవార్త చెప్పుట ఒక ఉద్యోగధర్మము. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 45వ సెక్షను ఆ విధిని గ్రామాధికారులపైనను, కావలివారిపైనను, భూస్వాములపైనను మోపినది. హత్య, బందిపోటు వంటి ఘోరనేరములకు మాత్రమే 44వ సెక్షను సామాన్యుని బద్ధుని చేసినది. తలారికి నింద వచ్చినను అది కొలువులో భాగమే కదా! ఈ విధులు 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోను 33, 34 సెక్షనులుగా నిలిచియున్నవి. అయితే సామాన్యుడు విధిగా తెలుపవలసిన నేరముల పట్టికలో బాల్యవివాహము లేదు. చెప్పుటయు మానుటయు వాని యిచ్ఛ.

1930 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన శారదా చట్టము ఆ యిచ్ఛకే వెల కట్టినది. ఎవరైనను కోర్టులో ఫిర్యాదు చేసిననే విచారణ జరుగును. ఆ ఫిర్యాదియు సాధారణముగా నూరు రూపాయలకు మించని మొత్తమునకు పూచీపత్రము వ్రాసి యీయవలెను. ఆ దినములలో నూరు రూపాయలనగా నెంత! పరుల పిల్ల కొరకు అంతటి పూచీ పడువాడెవడు? 2006 నాటి చట్టము ఈ దారిని పూర్తిగా మార్చినది. దాని 13వ సెక్షను ప్రకారము ఏ వ్యక్తి తెలిపిన సమాచారము మీదనైనను మేజిస్ట్రేటు విచారించి, పెండ్లి జరుగకముందే నిషేధాజ్ఞ యీయవచ్చును. దానిని ధిక్కరించి జరిపిన వివాహము చెల్లదు.

గంజాము జిల్లా యంత్రాంగము ఇంకొక అడుగు ముందుకు వేసినది. 'నిర్భయ కఢి', అనగా భయములేని మొగ్గ, అను కార్యక్రమము ద్వారా కిశోరబాలికలనే ఈ పనిలో చేర్చుకొన్నది. కలెక్టరు విజయ్ అమృత కులంగే కాలమున, బాల్యవివాహ వార్త తెలిపినవారికి రూ. 5,000 బహుమానము ప్రకటింపబడినది. పెండ్లిండ్లలో వధూవరుల వయస్సును ఆధారు కార్డుతో సరిచూచు పద్ధతి వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో 48,383 వివాహములు వీడియోలో నమోదయినవనియు, 450 బాల్యవివాహములు ఆగినవనియు అధికారులు తెలిపిరి. 2022 జనవరిలో గంజాము, ఒడిశాలో మొదటి బాల్యవివాహరహిత జిల్లాగా ప్రకటింపబడినది. నూరుపాయల పూచీ అడిగిన చట్టమునుండి ఐదువేల బహుమానము వరకు వచ్చిన మార్పు ఇది.

ధనముచేతనే నోళ్లు తెరువబడునా? నూరబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్న సామెత గల జాతికి, ఒక నిజము చెప్పి పెండ్లి నాపుట పాపముగనే తోచును. మేనరికములలో వరుడు పిల్లకు స్వయముగా మేనమామయే కావచ్చును. వార్త తెలిసినవారందరును చుట్టములే. అట్టి యింట ఐదువేల రూపాయలకంటె పేరు బయటపడదను నమ్మకమే విలువైనది. తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాపులోని సమాచారము తస్కరింపబడిన సంగతి 2024లో బయటపడి, జూనులో నిందితుడు అరెస్టయిన వార్త విన్నవారికి, ఈ సంకోచము పిరికితనముగా తోచదు.

ప్రజలు పంచుకొను వార్త ప్రాణాంతకమగుటయు కలదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వాట్సాప్ పుకార్లు దేశమున పలుచోట్ల నిరపరాధులను బలిగొన్నవి. జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్.పి. రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూర పంపి, జానపదగీతముల ద్వారా ఆ పుకార్లు అబద్ధములని చాటించవలసి వచ్చెను. భేద మెచ్చట? పుకారు జనమునకు చేరి జనమే తీర్పు చెప్పినది. గంజాములో వార్త అధికారికి చేరినది. అదియుగాక పెండ్లి ముందుగా నిశ్చయమగు కార్యము, వయస్సు కాగితముతో తేలు విషయము. పొరపాటు వార్తయైనచో జననపత్రము చూపి ముహూర్తము దాటకుండ పెండ్లి చేసికొనవచ్చును. అన్ని నేరములకు ఈ సౌకర్యము లేదు.

బరంపురపు తెలుగువారి సంబంధములు జిల్లా యెల్లతో ఆగునవి కావు. పెండ్లిని ఇచ్ఛాపురమునకో సోంపేటకో మార్చినచో గంజాము కలెక్టరు ఉత్తరువు అచ్చట చెల్లదు. శ్రీకాకుళపు అధికారికి తెలుపవలసియుండును. బాలల సహాయమునకై ఏర్పడిన 1098 సంఖ్య మాత్రము సరిహద్దున కిరువైపులను ఒక్కటే.