స్వీయానుభవం నుండి పరిశోధనాంశం: వ్యవసాయ విద్యార్థులకు కొన్ని సూచనలు

పరిశోధనా వ్యాసానికి అంశాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడు వ్యవసాయ విద్యార్థులలో చాలామంది మొదట గ్రంథాలయంలోని పాత సిద్ధాంత వ్యాసాలను తిరగవేస్తారు. పంట పేరు, జిల్లా పేరు మార్చి అదే శీర్షికను వాడుకోవడం సులభమే. కాని అటువంటి అంశంపై నెలల తరబడి శ్రద్ధ నిలవడం కష్టం. స్వీయానుభవం నుండి పుట్టిన అంశం ఆ శ్రద్ధను నిలుపుతుంది. అయితే అనుభవమే పరిశోధనాంశం కాదు. దానిని పరీక్షించదగిన ప్రశ్నగా మలచుకోవాలి.

అనుభవానికి, ప్రశ్నకు గల తేడా

1943 నాటి బెంగాల్ కరవు ఎం.ఎస్. స్వామినాథన్‌ను వైద్యవిద్య ఆలోచన నుండి వ్యవసాయ విద్య వైపు మళ్ళించింది. కాని 1952లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి ఆయన డాక్టరేటు పొందినది కరవు మీద కాదు; బంగాళాదుంప చేరిన సొలానం ప్రజాతిలోని కొన్ని జాతుల బహుస్థితికత మీద. ఆయనను కదిలించినది ఆకలి. ఆయన పరిశోధించినది మొక్కలోని క్రోమోజోములను.

మిరప నుండి ఒక ఉదాహరణ

2015లో మన దేశంలో బొప్పాయిపై తొలిసారిగా నమోదైన తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్, 2021-22లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. ఇది పూలలో గుంపులుగా చేరడం వల్ల పూత రాలి, కాయ నిలవదు.

ఆ ఏడు తోట నష్టపోయిన కౌలురైతు కుమార్తె వ్యవసాయ కళాశాలలో చదువుతున్నదనుకుందాం. 'మిరప రైతుల కష్టాలు' అనే శీర్షిక ఆమెకు వెంటనే తోచవచ్చు. అందులో ఆవేదన ఉన్నది కాని, కొలవదగిన విషయం లేదు. దానికి బదులు ఇంట్లో జరిగినదానిని వరుసగా గుర్తుచేసుకోవాలి. పూత రాలడాన్ని ఎప్పుడు గమనించారు? ఎవరిని అడిగారు? ఏ మందును ఎన్ని రోజులకొకసారి పిచికారీ చేశారు? నీలిరంగు జిగురు అట్టలు పెట్టారా? ఈ వరుస నుండి ఒక ప్రశ్న తేలుతుంది: పురుగు కనిపించిన తొలి వారంలో రైతు ఎవరి సలహాపై ఆధారపడుతున్నాడు, ఈ విషయంలో సొంత భూమి గల రైతుకు, కౌలురైతుకు తేడా ఉన్నదా? ఇది విస్తరణ విభాగంలో ఒక విద్యార్థి పూర్తి చేయగల పని.

పాటించవలసిన జాగ్రత్తలు

సొంత అనుభవం ముందస్తు నమ్మకాలను కూడా వెంట తెస్తుంది. పురుగుమందుల దుకాణదారే నష్టానికి కారణమని నమ్మిన విద్యార్థి, 'దుకాణదారు మిమ్మల్ని తప్పుదారి పట్టించాడా?' అని అడిగే ప్రమాదం ఉన్నది. 'మొదటి పిచికారీకి ముందు ఎవరిని సంప్రదించారు?' అని అడగడం సరైనది. కుటుంబ సభ్యులను, దగ్గరి బంధువులను నమూనాలో చేర్చరాదు. రైతులను యాదృచ్ఛిక పద్ధతిలో ఎంపిక చేయాలి. ఫలితం తన నమ్మకానికి విరుద్ధంగా వచ్చినా ఉన్నది ఉన్నట్లు రాయగలనా అని విద్యార్థి ముందే ప్రశ్నించుకోవాలి. రాయలేననిపిస్తే, ఆ ప్రశ్న ఇంకా ఫిర్యాదుగానే ఉన్నదని గ్రహించి తిరిగి కూర్చుకోవాలి.

సేద్యపు కుటుంబం నుండి రాని విద్యార్థులకు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమం ఇటువంటి అనుభవాన్ని ఇస్తుంది. గ్రామంలో ఉన్న రోజులలో, పాఠంలో చదివినదానికీ పొలంలో చూసినదానికీ పొంతన కుదరని ప్రతి సందర్భాన్నీ తేదీతో రాసుకోవాలి. మార్గదర్శక శాస్త్రవేత్తలు కూడా శీర్షికను ఖరారు చేసే ముందు, 'ఈ అంశం నీకెందుకు?' అని విద్యార్థిని అడగడం మేలు. దానికి వచ్చే సమాధానంలోనే అసలు ప్రశ్న తరచుగా దొరుకుతుంది.