స్టవ్ కొనడానికి అయస్కాంతం ఎందుకు?

ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతం బొమ్మ ఒకటి తీసుకుని వంటింట్లోకి వెళ్లండి. గిన్నెల అడుగున పెట్టి చూడండి. ఇనుప పెనానికి టక్కున అతుక్కుంటుంది. అల్యూమినియం గిన్నెకు, రాగి చెంబుకు, మట్టి కుండకు అతుక్కోదు. స్టీలు గిన్నెల్లో కొన్నిటికి అతుక్కుంటుంది, కొన్నిటికి లేదు. అతుక్కోనివి మామూలు ఇండక్షన్ స్టవ్ మీద పనికిరావు.

ఎందుకని? ఈ స్టవ్‌లో మంట ఉండదు. గాజు పలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్టవ్ దాన్ని 20 వేలసార్లకు పైగా ఊగేలా చేస్తుంది. దాంతో తీగచుట్ట మీది అయస్కాంత క్షేత్రం కూడా అంతే వేగంగా మారుతూ, గిన్నె అడుగులో సుడులు తిరిగే కరెంటును పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఇనుములో ఆ సుడులు పలుచని పొరలోనే ఇరుక్కుని, ముందుకు సాగలేక వేడిగా మారతాయి. అల్యూమినియంలో సులువుగా పారిపోతాయి. అంటే, అయస్కాంతం అతుక్కునే గిన్నె తనను తానే కాచుకుంటుందన్నమాట! గాజు వేడెక్కేది గిన్నె సెగకే. అయినా దించిన వెంటనే చెయ్యి పెట్టకండి.

చిన్న వంటింటికి ఒక్క పొయ్యి ఉన్నది చాలు. 2,000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ సరిపోదు, 16ది కావాలి. లోపలి ఫ్యాన్‌కు గాలి ఆడేలా గోడకు కాస్త ఎడంగా పెట్టాలి.

వంకాయ కాల్చి పచ్చడి చేద్దామంటే మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. దీనితో నాకున్న తగువల్లా అదే.