కారు బేరంలో కదిలే అంకెలు

కారు కొనేటప్పుడు తేలాల్సిన అసలు అంకె ఆన్‌రోడ్ ధర. ఎక్స్‌షోరూమ్ ధరకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, అదనపు వారంటీ కలిస్తే అయ్యే మొత్తం అది. బండి ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే వసూలు చేసే ఆదాయపన్ను) కూడా పడుతుంది. దాన్ని ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మొత్తాన్ని ఒకే ముక్కలో విని ‘ఇంకొంచెం తగ్గించండి’ అంటే పగ్గాలు షోరూమ్ చేతికిచ్చినట్టే. పద్దుల వారీగా కాగితం మీద రాయించుకుంటే ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో తెలిసిపోతుంది.

మహిళలకు ఈ కాగితం మరీ అవసరం. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఇయాన్ ఎయిర్స్ షికాగో ప్రాంతపు డీలర్ల దగ్గరకు, ఒకే తీరున బేరమాడేలా శిక్షణ పొందినవాళ్లను పంపి చూశారు. 1991లో వెలువడిన ఫలితాల ప్రకారం, తెల్లజాతి మగవాళ్ల మీద వేసుకున్న లాభం కన్నా తెల్లజాతి మహిళల మీద 40 శాతం ఎక్కువ, నల్లజాతి మహిళల మీద మూడు రెట్లకు పైగా వేసుకున్నారు. మన దగ్గర ఈ చిన్నచూపు మాటల్లో బయటపడుతుంది. ఇంజిన్ సంగతి పక్కనున్న మగమనిషికి, రంగుల సంగతి ఆమెకు చెబుతారు. ‘సార్‌ని కూడా ఒకసారి తీసుకురండి మేడమ్’ అన్నప్పుడు, ‘బండి నా పేరు మీదే, కొటేషన్ నాకే ఇవ్వండి’ అంటే చాలు.

పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గవు. బాగా తగ్గేది ఇన్సూరెన్స్. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి, కానీ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. అదే ఐడీవీకి (పాలసీలో బండికి కట్టే విలువ), అవే యాడ్‌ఆన్‌లకు వేరే కంపెనీ కొటేషన్ తెచ్చి ముందు పెడితే షోరూమ్ లెక్క సాధారణంగా దిగొస్తుంది. హ్యాండ్లింగ్ చార్జీలకు చట్టంలో ఆధారం లేదు, కొట్టేయమని అడగాలి. పాత బండి ఎక్స్‌ఛేంజ్ ధరను కొత్తదాని డిస్కౌంటుతో కలపనివ్వకూడదు. కలిపితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాగేస్తారు.

లోను దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ‘8 శాతమే’ అన్న వడ్డీ ఫ్లాట్ రేటయితే, 5 లక్షలకు ఐదేళ్లలో కట్టే వడ్డీ 2 లక్షలు, నెలకు వాయిదా దాదాపు 11,667 రూపాయలు. తగ్గుతూ పోయే బాకీ మీద అదే 8 శాతమైతే వడ్డీ సుమారు 1,08,000, వాయిదా 10,140 లోపే. ఫ్లాట్‌గా చెప్పిన 8 శాతం నిజానికి 14 శాతం దాటుతుందన్నమాట. ముందే బ్యాంకులో లోను మంజూరు చేయించుకుని వెళ్తే ఈ తికమక ఉండదు. కొన్ని బ్యాంకులు మహిళలకు వడ్డీ కాస్త తగ్గిస్తాయి కూడా.

నెలాఖరుకు టార్గెట్ల ఒత్తిడి ఉంటుంది. కొత్త బండి కొనడానికి చాలామంది వెనకాడే ఆషాఢంలో ఆఫర్లు వస్తాయి. పట్టింపు లేనివారికి అది మంచి అదను. డిసెంబరు తగ్గింపుల్లో మాత్రం ఒక మెలిక ఉంది. జనవరి వచ్చేసరికి అది పోయిన ఏడాది బండి, రేపు అమ్మబోతే ధర పడిపోతుంది.

అందుకే పూర్తి డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబరు, తయారీ నెల, ఏడాది రాయించుకోవాలి. అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21లో ఉండేవీ ఇవే. టైరు పక్కగోడ మీద 2325 అని ఉంటే, ఆ టైరు 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. బండి యార్డులో నెలల తరబడి నిలిచిందని తేలితే తగ్గింపు అప్పుడే అడగాలి, రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ మాట చెల్లదు.