రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61, 62కి.. పెన్షన్ భారం నిజంగా తగ్గిందా?

ఒకే స్కూల్.. ఒకే స్టాఫ్ రూమ్. ఒక టీచర్ 2003లో ఉద్యోగంలో చేరారు, ఇంకొకరు 2005లో. చెప్పే పాఠాలు అవే, పే స్కేలూ అదే. కానీ రిటైరయ్యాక ఇద్దరి పెన్షన్‌కు పొంతనే ఉండదు. కారణం ఒక తేదీ.. 2004 సెప్టెంబర్ 1. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ పోయి, కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్, అంటే సీపీఎస్ వచ్చింది.

తేడా ఎంత?

పాత విధానంలో పూర్తి సర్వీసు ఉంటే చివరి బేసిక్‌లో సగం పెన్షన్. బేసిక్ 80 వేలైతే నెలకు 40 వేలు, పైగా డీఆర్. ఖర్చంతా ఖజానాదే. సీపీఎస్‌లో బేసిక్, డీఏ కలిపి 10 శాతం జీతంలోంచి కోస్తారు, రాష్ట్రం అంతే కలుపుతుంది. ఆ సొమ్ము మార్కెట్‌లోకి వెళ్తుంది. రిటైరయ్యేనాటికి 40 లక్షలు పోగైందనుకుందాం. 24 లక్షలు చేతికొస్తాయి. మిగతా 16 లక్షలతో యాన్యుటీ కొనాలి. ఏడాదికి 6 శాతం చొప్పున చూస్తే నెలకు 8 వేలు. డీఆర్ ఉండదు. చేతికొచ్చిన 24 లక్షలు తక్కువేం కాదు, నిజమే. కానీ ఇంటి అప్పు, పిల్లల పెళ్లి అయ్యాక అందులో మిగిలేదెంత?

వయసు లెక్క ఇదీ

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గించింది. ఉద్యోగులు భగ్గుమన్నారు, తర్వాత మళ్లీ 58 అయింది. విభజన తర్వాత అంతా పెంపుదలే. ఏపీలో 2014లో 60, 2022లో 62. తెలంగాణలో 2021లో 61.

అనుభవం ఉన్నవాళ్ల సేవలు వాడుకోవడానికే అని ప్రభుత్వాలు చెబుతాయి. అయితే ఒక ఉద్యోగి రిటైరైతే గ్రాట్యుటీ, 300 రోజుల వరకు లీవు డబ్బులు, కమ్యుటేషన్.. అన్నీ ఒకేసారి ఇవ్వాలి. వయసు పెంచితే ఆ బిల్లు రద్దు కాదు, వాయిదా పడుతుందంతే. ఈలోగా పై స్థాయి జీతం ఇస్తూనే ఉండాలి. ఖాళీలు రాక కోచింగ్ సెంటర్లలో నిరుద్యోగుల వయసు కరిగిపోతుంది.

వాయిదా పడ్డ బిల్లు ఎలా తిరిగొస్తుందో తెలంగాణ చూసింది. 2021లో ఆగిన రిటైర్మెంట్లు 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. బెనిఫిట్స్ సకాలంలో అందక రిటైరైనవాళ్లు రోడ్డెక్కారు, హైకోర్టు తలుపు తట్టారు.

మరి సీపీఎస్‌తో ఖజానాకు ఊరట ఏది?

వెంటనే రాదు. 2004 ఆగస్టులో 22 ఏళ్లకు చేరిన వ్యక్తి ఏపీలో 2044లో రిటైరవుతారు. ఆ తర్వాత కూడా పాత పెన్షన్ ఇస్తూనే ఉండాలి. అంటే అప్పటిదాకా ఒకవైపు పాత పెన్షన్లు, ఇంకోవైపు సీపీఎస్ వాటా.. రెండూ రాష్ట్రమే కట్టాలి. సీపీఎస్ రద్దు హామీ పార్టీలకు తీపిగా కనిపించేది ఇందుకే. రద్దు చేస్తే వాటా సొమ్ము ఇప్పుడే మిగులుతుంది, అసలు బిల్లు మాత్రం ఆ నాయకులు దిగిపోయాకే వస్తుంది.

మధ్యేమార్గాలూ వచ్చాయి. అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తామన్న జగన్, చివరికి 2023లో చివరి బేసిక్‌లో 50 శాతానికి హామీ ఇచ్చే జీపీఎస్ చట్టం తెచ్చారు. ఉద్యోగ సంఘాలు ఒప్పుకోలేదు. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ అమలు చేస్తోంది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం. ఇందులో కేంద్రం వాటా 18.5 శాతం. రాష్ట్రాలు ఇచ్చే 10 శాతంతో పోల్చితే ఆ హామీ ధర ఎంతో అర్థమవుతుంది.

ఇక 2005లో చేరిన ఆ రెండో టీచర్ లాంటివాళ్ల వాదన వేరు. డీఎస్సీ-2003 నోటిఫికేషన్ సీపీఎస్ కంటే ముందే వచ్చింది. పోస్టింగులు ఆలస్యమైంది ప్రభుత్వం వల్లే. 2003 డిసెంబర్ 22కు ముందు నోటిఫికేషన్ వచ్చిన తన ఉద్యోగులకు కేంద్రం 2023 మార్చిలో పాత పెన్షన్ ఎంచుకునే వీలిచ్చింది. అదే తమకూ ఇవ్వాలని వీళ్లు అడుగుతున్నారు.