విరిగిన పంటికి అతుకు

ఎముక విరిగినచో కట్టు కట్టగా అతుకుకొనును. చర్మము తెగినచో కొలది దినములలో కూడుకొనును. పంటి అంచు విరిగినచో మాత్రము ఆ ముక్క మరల మొలవదు. మానవదేహములో అన్నిటికంటె గట్టి పదార్థము పంటిమీది తెల్లని పొర. దీనినే ఎనామెల్ అందురు. దాని బరువులో నూటికి సుమారు 96 పాళ్ళు ఖనిజమే. కాని అందు జీవకణములు లేవు. ఆ పొరను నిర్మించిన కణములు పన్ను చిగురును చీల్చుకొని పైకి వచ్చుసరికే నశించును. కావున విరిగిపోయిన ఎనామెల్‌ను దేహము తిరిగి కట్టుకొనజాలదు. ఉన్న పంటిని ఎంత మిగుల్చుకొందుమో అంతయే మనకు లాభము.

పూర్వపు చికిత్సలో ఇట్లు మిగుల్చుకొనుట కష్టముగా నుండెడిది. పుచ్చిన పంటిలో నింపెడి వెండి, పాదరసముల మిశ్రమము తనంతట తాను పంటికి అంటుకొనదు. అది ఊడిపోకుండుటకై వైద్యుడు మూతి ఇరుకుగను, లోపల వెడల్పుగను గుంత తొలిచెడివాడు. చెడిన భాగముతోబాటు కొంత మంచి భాగమును పోయెడిది. ముందుపంటి అంచు విరిగినచో ఆ మిశ్రమము నిలుచుటకు చోటే లేదు. పలుమారు పంటిని చుట్టును అరగదీసి తొడుగు వేయవలసి వచ్చెడిది. గాయము చిన్నది, చికిత్స పెద్దది!

అమెరికాలోని రోచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ అను దంతవైద్య పరిశోధకుడు 1955లో ఒక ఉపాయమును ప్రకటించెను. పరిశ్రమలలో లోహమునకు రంగు గట్టిగా పట్టుటకై ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లముతో శుద్ధి చేయుట కలదు. ఆయన ఆ ఆమ్లమునే పంటిపై 30 సెకనులు ఉంచి కడిగి, ఆరబెట్టెను. అటుపిమ్మట పెట్టిన ప్లాస్టిక్ పదార్థము మునుపటికంటె ఎంతో గట్టిగా అంటుకొనెను. పాతగోడకు కొత్త గచ్చు పట్టుటకై తాపీమేస్త్రి ముందుగా గోడకు గాట్లు పెట్టును గదా! ఆమ్లము చేయు పనియు అదియే. అయితే ఈ గాట్లు సూక్ష్మదర్శినిలోగాని కనబడవు. పలుచని రెజిన్ అను జిగురు వానిలోనికి దిగి గట్టిపడి, నేలలో వేళ్ళు పాతుకొన్న మొక్కవలె పంటిని పట్టుకొనును.

తరువాత రాఫెల్ బోవెన్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన కొత్త రెజిన్‌కు 1962లో పేటెంటు లభించినది. దానిలో సన్నని సిలికా పొడి చేర్చగా పంటి రంగుగల గట్టి ముద్ద సిద్ధమయ్యెను. దీనికి కాంపొజిట్ అని పేరు. దీనిని పంటికి అతుకు పద్ధతియే నేడు మనము వినుచున్న బాండింగ్.

దీని విధానము సులభము. వైద్యుడు మొదట మీ పంటి రంగుకు సరిపోవు ముద్దను ఎన్నుకొనును. పంటికి ఆమ్లము పూసి, కడిగి, జిగురు రాయును. గోడను మేస్త్రి తడుపును. ఇచట మాత్రము ఉమ్మితడి తగులరాదు, తగిలినచో అతుకు నిలువదు. పిదప ముద్దను పలుచని పొరలుగా పెట్టి, ఒక్కొక్క పొరపై నీలికాంతి ప్రసరింపజేయగా అది కొలది సెకనులలో గట్టిపడును. చివర ఆకారము దిద్ది మెరుగుపెట్టును. ఒక పంటికి సాధారణముగా అరగంట నుండి గంట పట్టును. చిన్న విరుగుళ్ళకు తరచుగా మత్తుసూది అవసరముండదు.

నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఫ్లోరైడు ఎక్కువగా గల నీటిని బాల్యమున త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలు ఏర్పడుట మనకు తెలిసినదే. ఈ మచ్చలను కప్పుటకును బాండింగ్ ఉపకరించును. అయితే అట్టి పంటిపై ఆమ్లము తేలికగా పనిచేయదు. వైద్యుడు మరికొంత సేపు ఉంచవలసి రావచ్చును.

ఈ అతుకు శాశ్వతము కాదు. కొన్ని సంవత్సరములకు మరమ్మతు చేయించుకొనవలసియుండును. కాఫీ, తాంబూలము, పొగాకు దాని రంగు చెరచును. పోకచెక్కను, చెరకుగడను ఆ పంటితో కొరికినచో మరల విరుగవచ్చును. నిద్రలో పండ్లు కొరుకువారికి అది త్వరగా అరిగిపోవును. పన్ను చాలవరకు విరిగినను, పుచ్చు లోతుగా దిగినను వేరు చికిత్స అవసరము.

గృహస్థులకు మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒకటున్నది. ఆటలో పడి పిల్లవాని ముందుపన్ను విరిగినచో ఆ ముక్కను పారవేయకుడు. పాలలోగాని, మంచినీటిలోగాని వేసి వెంటనే వైద్యునికడకు కొనిపొండు. అది సరిగా ఉన్నచో దానినే తిరిగి అతుకుటకు వీలున్నది. విరిగినచోట ఎఱ్ఱని చుక్క కనబడినచో లోపలి నరము బయటపడినదని అనుమానించి, ఆనాడే చూపించుడు. "చిన్న ముక్కయే గదా, నొప్పి లేదు గదా" యని ఊరకుండరాదు. తొడుగు వేయవలెనని ఎవరైన చెప్పినచో, అరగదీయకయే అతుకుటకు వీలున్నదా యని ముందుగా అడుగుడు. అడుగుటలో తప్పు లేదు. అరగదీసిన పన్ను మాత్రము తిరిగి రాదు.